వీధికి అడ్డంగా పడుగు

నూలు ఏజెంటు మనుషులు నేతగాడు పరదేశి ఇంట్లోని గుంటమగ్గాన్ని పెకలించి లారీకెక్కించారు. అడ్డుపడిన అతని మోచేయి విరిగింది. 1946 వేసవి అది. నూలు సర్కారు కంట్రోలులో ఉంది. రాయపూర్ సాలెవీధికి నూలు పంచే అధికారం ఏజెంటుదే. ఇకపై తన షెడ్డుకు వచ్చి ఆసుపత్రులకు కట్టుగుడ్డలు నేసేవారికే నూలు, ఇళ్లలో మగ్గాలుండరాదు. అదీ అతని హుకుం. రేపటి వంతు సూరమ్మది.

సూరమ్మ భీమిలి తీరాన పుట్టింది. ఆమె చీరలకు తడి ఇసుక రంగు, నురగలాంటి అంచు, పీతల అడుగుజాడల్లాంటి బుటాలు. షెడ్డుకు పోతే ఆ చేతికి మిగిలేది కట్టుగుడ్డే.

సాయంత్రం అందరూ పరదేశి అరుగు దగ్గర చేరారు.

"తోవకడ్డంగా పడుగు సాచుదాం," అన్నాడు పెద్ద సాలె బంగారయ్య. "సాచిన పడుగు దాటినోడి వమిసం నిలవదు. ఏ డైవరైనా ఆగుతాడు."

"గంజిపోగు తెగిపోద్దని పెద్దోలు ఎట్టిన మాటది, బాబాయ్," అంది సూరమ్మ. "లారీకి వమిసం ఏటుంటాది?"

పొరుగింటి తాయారమ్మ నవ్వింది. "అయితే నువ్వే అడ్డంగా తొంగోయే."

"తొంగోను, కూకుంటాను. నాతో ఎవులు కూకుంటారు?"

పడుగుకే అందరూ ఒప్పుకున్నారు. సూరమ్మ మరి వాదించక, తన ఇసుకరంగు పడుగునే ఇచ్చింది.

తెల్లవారి, వీధికి అడ్డంగా సాచిన పడుగుకు గంజి ఆరకముందే లారీ వచ్చింది. వెనుక నలుగురు పోలీసులు. పడుగును చూసి డ్రైవరు నిజంగానే ఆగాడు. బంగారయ్య ముఖం వెలిగింది.

"చలావో," పోనియ్యమన్నాడు పక్కనున్న ఏజెంటు.

రెండువేల పోగులు ఒక్క ఊపున తెగాయి. ఆకాశం విరిగిపడలేదు, భూమి కదలలేదు. చక్రాలకు చుట్టుకున్న పోగులతో లారీ సూరమ్మ గుమ్మం దాకా వచ్చింది. ఆమె వెళ్లి దాని ముందు కూర్చుంది.

పోలీసులు ఆమె జుట్టు పట్టి పక్కకు ఈడ్చి బేడీలు వేశారు. ఆ ఖాళీలో తాయారమ్మ కూర్చుంది. "జరగండ్రా," అంటూ బంగారయ్య వచ్చాడు. విరిగిన చేతితో పరదేశి వచ్చాడు. పక్క వీధిలోని ఛత్తీస్‌గఢీ నేతగాళ్లైన కోష్టాలు మాటైనా అడగకుండా వారి వెనుక బారులు తీరారు.

"చలావో," అన్నాడు ఏజెంటు మళ్లీ.

డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు. "ఆద్మీ హైఁ సేఠ్, సూత్ నహీఁ." మనుషులు, నూలు కాదు.

చేతులకు బేడీలతో సూరమ్మ వారివైపే చూస్తోంది. వీధి చివర అభన్‌పూర్ రోడ్డు మీద దుమ్ము లేచింది. ఒకటి, రెండు, మూడు పోలీసు లారీలు. కూర్చున్నవారందరూ చూశారు. ఒక్కరూ లేవలేదు.