మెడ మీద బుడిపె

ఆమె ఒకప్పుడు బేకరీ కౌంటర్‌లో నిలబడి నవ్వుతూ రొట్టెలు అమ్మేది. ఒకరోజు పక్కనే సమోసాలు వేపే నూనె మూకుడు ఒరిగి దవడ నుంచి మెడ దాకా కాలింది. గాయం మానాక యజమాని, "గిరాకీ బెదిరిపోతుందమ్మా, ఏమనుకోకు" అంటూ ఆమెను పిండి పిసికే గదిలోకి మార్చాడు. ఆమె ఏమీ అనుకోలేదు. దెబ్బ తిన్నవాళ్లు ఏమీ అనుకోకూడదని నేర్పింది మనమే కదా!

మచ్చ ముడుచుకుపోయి మెడను ఒక పక్కకు లాగేసింది. తల తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాల్సిందే. చివరికి ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ చేసే డాక్టరమ్మ ఆమెకు ఒక చిన్న బిళ్ల చూపించింది.

"దీన్ని హైడ్రోజెల్ అంటారు. మచ్చ పక్కనున్న మంచి చర్మం కింద పెడతాను. ఒంట్లో నీరు పీల్చుకుని, నానేసిన శనగలా మెల్లగా ఉబ్బుతుంది. పైనున్న చర్మం కూడా దాంతోపాటే సాగుతుంది. తర్వాత దీన్ని తీసేసి, మచ్చ కోసేసి, ఆ చర్మంతో కప్పేస్తాను. నీ చర్మమే, నీ రంగే. కాకపోతే కొన్ని వారాలు మెడ మీద బుడిపె కనిపిస్తుంది. ఓర్చుకోవాలి."

"కాలినప్పుడే ఓర్చుకున్నాను, ఇదెంత!" అంది ఆమె.

ఓర్చుకోవాల్సింది నొప్పిని కాదని అప్పటికి ఆమెకు తెలియదు.

బుడిపె నిమ్మకాయంత అయ్యేసరికి ఇరుగుపొరుగు నోళ్లు లేచాయి. పాడు గడ్డ అన్నారు కొందరు. తన తోడికోడలి చెల్లెలు ఇలాంటిదే వచ్చి చచ్చిపోయిందని ఒకావిడ ఒట్టేసి మరీ చెప్పింది. బేకరీలో పిండి ముట్టుకోవద్దన్నారు. ఇంట్లో అత్తగారు మనవరాలి పక్కను తన గదిలోకి మార్చేసింది.

"ఇది రోగం కాదత్తయ్యా, వైద్యం. డాక్టరమ్మ చెప్పింది."

"వాళ్లకేం, చెప్తారు. నలుగురూ ఊరికే అంటారా? పసిదానికి అంటుకుంటే ఎవరిది పూచీ?"

భర్త కంచంలోంచి తలెత్తలేదు.

ఒక ఉదయం పాపకు జడ వేయబోయింది. "వద్దమ్మా, నాకూ వస్తుంది" అంటూ పాప గోడకు అతుక్కుపోయింది.

ఆ రోజే ఆమె ఆసుపత్రికి వెళ్లి, "తీసేయండి" అంది.

"ఇప్పుడు తీస్తే చర్మం సగం మచ్చకే చాలుతుంది తల్లీ. ఇంకొన్నాళ్లు ఆగు. మీవాళ్లను తీసుకురా, నేను మాట్లాడతాను."

"రమ్మన్నానండీ. తీరిక లేదన్నారు. నా బిడ్డ నన్ను ముట్టుకోవడం లేదు డాక్టరమ్మా. మెడ తిరగకపోయినా బతుకుతాను."

సగం మచ్చే పోయింది. పాప ఒళ్లోకి వచ్చింది. బేకరీవాళ్లు పనిలోకి రమ్మన్నారు. ఇరుగుపొరుగు మళ్లీ "పాపం" అనడం మొదలుపెట్టారు.

కుట్లు విప్పే రోజు మాత్రం అత్తగారికి తీరిక దొరికింది. కోడలి మెడను ఎగాదిగా చూసి డాక్టరమ్మను నిలదీసింది. "ఇదేంటమ్మా, సగం పని చేసి వదిలేశారు? ఇంత పెద్ద డాక్టరంటే ఏమో అనుకున్నాం."

డాక్టరమ్మ చేతిలోని కత్తెర పక్కన పెట్టింది.

"నేను వదల్లేదమ్మా. ఈమె చర్మం చెప్పినట్టే సాగింది. అది చాలినంత సాగకముందే మీరంతా కలిసి తీయించారు. ఈమెను కాల్చిన నూనెకు తెలివి లేదు, మీకుంది. భయమేస్తే నా దగ్గరికొచ్చి అడగాల్సింది. అడక్కుండా మనిషిని వెలివేసే ఇంట్లో ఏ వైద్యమూ పూర్తికాదు."