మూత తీసిన పెట్టె

బూర్గంపాడు దగ్గర గోదారి ఇసుక ర్యాంపు మీద, పట్టపగలు, ఊరి కూలీలంతా చూస్తుండగా టిప్పర్ వెనక్కి వచ్చి వాళ్లలో ఒకడైన ఎబినేజర్‌ని తొక్కేసింది.

యంత్రాలు వద్దు, ఇసుక పారలతో మేమే ఎత్తుతామని కూలీలు దారికి అడ్డంగా కూర్చున్నారు. కాంట్రాక్టర్ జయప్రకాశ్ మనుషులు ఇనుప రాడ్లతో దిగారు. ముందు ఆడవాళ్ల మీదే పడ్డారు. తబితా చెయ్యి విరిగింది. "ఎక్కించురా" అని ఎవడో అరిచాడు. డ్రైవర్ లాలు తటపటాయించాడు. తలుపు పక్కనున్నవాడు రాడ్ చూపించాడు. బండి వెనక్కి కదిలింది. కిందపడ్డ ముసలామెను లాగబోయిన ఎబినేజర్ చక్రం కిందికి పోయాడు.

సంసోను పరుగెత్తి పారతో కేబిన్ అద్దం పగలగొట్టాడు. ఇంకేం చేస్తాడు? మేనత్త కొడుకు చక్రం కింద ఉన్నాడు, లోపలివాడికి కేకలు వినపడడం లేదు. అద్దం పగిలాకే బండి ఆగింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

సాయంత్రానికి ఒక టీవీ ఛానల్లో వీడియో వచ్చింది. ఆ ఛానల్ జయప్రకాశ్ బామ్మర్దిది. అందులో బండి వెనక్కి రావడం లేదు. సంసోను పార ఎత్తడంతోనే మొదలవుతుంది. అతని తల చుట్టూ ఎర్రటి గుండ్రం గీశారు. "అడవి నుంచి దిగిన మూకలు! పొట్టకూటికి బండి నడిపే డ్రైవర్ మీద హత్యాయత్నం! ఆ గందరగోళంలో తమ మనిషినే చంపుకున్నారు! పాల్వంచ దవాఖానాలో డ్రైవర్ చావుబతుకుల్లో!" యాంకర్ గొంతు వణికింది కూడా. ఆ వణుక్కి జీతమిస్తారు.

తెల్లారేసరికి జూలూరుపాడు పత్తి చేలలో, పాల్వంచ టీ కొట్లలో, ఎవరి ఫోన్లో చూసినా ఆ గుండ్రమే.

శవం పాల్వంచ దవాఖానాలో పోస్ట్‌మార్టానికి ఉంది. శవపెట్టె కొనడానికి సంసోను బస్టాండు వైపు నడిచాడు. అక్కడ షిఫ్టు దిగిన కాంట్రాక్టు కార్మికులు అతన్ని గుర్తుపట్టారు.

"ఆగురా. వీడియోల పార పట్టినోడివి నువ్వే గదా?" అన్నాడు లచ్చయ్య. అతను థర్మల్ కరెంటు ప్లాంటులో బూడిద లోడింగ్ కూలీ.

"అన్నా, గది సగమే సూపెట్టిన్రు..."

"డ్రైవర్ కష్టపోడు గాదారా? కష్టపోన్ని పారతోని కొడ్తవా?"

మొదటి దెబ్బ లచ్చయ్యదే. తర్వాత ఎన్ని పడ్డాయో సంసోనుకు తెలియదు. కడుపులో తన్నారు. పళ్లు రాలాయి. వాళ్లెవరూ జయప్రకాశ్ తొత్తులు కారు. సాటి కష్టజీవి మీద ప్రేమతోనే కొట్టారు. దొంగ ఛానల్ వాడుకున్నది ఆ ప్రేమనే.

రక్తం ఓడుతూనే పెట్టె తీసుకొని మార్చురీకి వచ్చిన మేనల్లుడిని చూసి ఎబినేజర్ తల్లి ఇన్నమ్మ లేచి నిలబడింది.

"ఎవరు కొట్టిన్రు?"

"మనసుంటోళ్లే అత్తా. షిఫ్టు కూలోళ్లు."

అప్పుడే ఎస్సై వచ్చాడు. పెట్టెకు మేకులు కొట్టించి అంబులెన్స్‌లో నేరుగా సమాధుల దొడ్డికి తీసుకుపొమ్మన్నాడు. "గొడవ వద్దమ్మా. ఇప్పటికే టీవీల మీ పేరు ఖరాబయింది."

అతను పక్కకు పోగానే కూలీల్లో వాదన లేచింది. జల్దీ పూడ్చిపెడదామన్నారు కొందరు. మనమూ వీడియో పెడదామంది తబితా.

"వాళ్ల వీడియో నమ్మినోళ్లు మన వీడియో ఎందుకు నమ్ముతరు?" అంది ఇన్నమ్మ. "మనకాడ మనిషి పోతే ఏం జేస్తం? మూత తీసిపెడ్తం. అందరు కడసారి సూస్తరు. ఒక్కొక్కరు లేసి సాక్ష్యం జెప్తరు. గదే జేద్దాం. చర్చిల గాదు, రోడ్డు మీద."

షిఫ్టు మారే వేళకు పెట్టె దవాఖానా ముందు రోడ్డు మధ్య దిగింది. ఇన్నమ్మ తన చేతులతోనే మూత తీసి, కొడుకు ఛాతీ మీది తెల్లబట్ట తొలగించింది. కమిలిన చర్మం మీద టైరు అచ్చులు వరసగా ఉన్నాయి. కార్మికుల బస్సులు ఆగిపోయాయి.

ఒక్కొక్కరే పెట్టె తల దగ్గర నిలబడి తాము కళ్లారా చూసింది మాత్రమే చెప్పారు. తబితా విరిగిన చెయ్యి పట్టుకొని చెప్పింది. "ముందుగాల బండి ఎన్కకొచ్చింది. గప్పుడు పార లేసింది. పార లేసినంక బండి ఆగింది. నేను జూసిన."

లచ్చయ్య గుంపును తోసుకొని వచ్చాడు. "మరి డ్రైవర్ సావుబతుకుల ఉన్నడన్నరు గదా?"

"గీ దవాఖానాలనే అని టీవీల జెప్పిన్రు గద," అంది ఇన్నమ్మ. "లోపటికి పోయి సూసి రా బిడ్డా. మేం ఈడనే ఉంటం."

లచ్చయ్య వెళ్లి ప్రతి వార్డూ తిరిగాడు. అలాంటి డ్రైవర్ ఎవరూ చేరలేదంది నర్సు. అతను తల దించుకొని తిరిగొచ్చాడు. సంసోను వాచిన మొహంలోకి చూడలేక, పెట్టె ఒక మూల భుజానికెత్తుకున్నాడు.

"యాడికి తీసుకపోవాలె?"

"ర్యాంపుకు," అంది ఇన్నమ్మ.

పోలీసులు అడ్డుపడ్డారు, లాఠీలు లేచాయి. బస్సుల్లోంచి కార్మికులు దూకారు. తలలు పగిలాయి, రోడ్డంతా చెప్పులు, రక్తం. పెట్టెను మాత్రం ఎవరూ కింద పడనివ్వలేదు. దాన్ని ట్రాలీ ఆటో ఎక్కించారు. వెనక బైకులు, బైకుల వెనక బస్సులు కదిలాయి.

ఎబినేజర్ పడ్డచోటే, టిప్పర్లు నడిచే దారి నడిమధ్య సంసోను గొయ్యి తవ్వాడు. వీడియోలో చూపించిన పారతోనే తవ్వాడు. సమాధి మీదుగా బండి ఎలా నడుపుతారో చూద్దామనుకున్నారు అందరూ. జయప్రకాశ్ టిప్పర్లు వరసగా నిలిచిపోయాయి.

పెట్టె గొయ్యిలోకి దిగుతుండగా జీపులు వచ్చాయి. "ఎబినేజర్ హత్య కేసు," అన్నాడు ఎస్సై. సంసోను చేతులు వెనక్కి విరిచారు. తుపాకి మడమతో వీపు మీద పొడిచి జీపులో పడేశారు. పార ఇసుకలో పడింది.

ఛానల్ కెమెరా ముందుకొచ్చింది. లచ్చయ్య వంగి ఆ పార అందుకున్నాడు.

"తియ్యి," అన్నాడు కెమెరావాడితో. "మొదటి సంది తియ్యి. గుండ్రాలు గీస్తే మా అందరికి గియ్యి."

గొయ్యిలో మొదటి పార ఇసుక వేశాడు. వెనక నుంచి కార్మికులు దోసిళ్లతో అందుకున్నారు. గొయ్యి నిండాక ఎవరూ ఇళ్లకు పోలేదు. సమాధి చుట్టూ, జీపు చుట్టూ కూర్చున్నారు. లచ్చయ్య జీపు చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాడు. లోపల సంసోను నోట్లోని నెత్తురు మింగి, కిటికీలోంచి ఆ వీపునే చూస్తున్నాడు.

"పోనీయ్," అన్నాడు ఎస్సై. "లేవకుంటే ఎక్కించు."

జీపు డ్రైవర్ సమాధి వైపు చూశాడు. తాళంచెవి తిప్పి ఇంజన్ ఆపేసి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.