ఆదివారం తారు బళ్ళు

"ఇది కాఫీనా, కుళాయి నీళ్ళా?" అంటూ బెన్నీ కప్పును బల్ల మీద అవతలికి నెట్టాడు.

దీవెన కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కాఫీ చల్లారిన మాట నిజమే. పోసి ఇచ్చినప్పుడు పొగలు కక్కుతూనే ఉంది. మొగుడుగారు ఫోన్‌లో క్రికెట్ ముక్కలు చూసుకుంటూ కూర్చున్నంతసేపూ అది పాపం ఎదురుచూసి చూసి చల్లారింది. మదీనాగూడలోని ఆ ఫ్లాటులో ఏది చల్లారినా తప్పు దీవెనదే. అన్నం చల్లారినా, స్నానానికి పట్టిన వేణ్ణీళ్ళు చల్లారినా, ఆఖరికి వానొచ్చి ఊరు చల్లబడి అత్తగారి మోకాళ్ళు పట్టేసినా సరే. కాఫీ ఒక పొయ్యి మీద పెట్టి, ఇంకో పొయ్యి మీద ఉడుకుతున్న కోడికూరను కలిపింది. చర్చిలో కూడిక అయ్యాక ఇంటికొచ్చేవాళ్ళందరికీ భోజనాలు ఇక్కడే. అందుకని తెల్లవారకముందే లేచింది.

ఫోన్ మోగింది. సైటు మీద తారు పని చూసే యాదయ్య.

"మేడం, జర పరేషానీ అయితుంది. ఫ్లైఓవర్ కాడ ఏందో రన్నింగ్ రేస్ పెట్టిండ్రంట. పోలీసోళ్ళు మన బండిని ఇడుస్తలేరు. గాడనే నిలవడ్డది."

దీవెన ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని గరిటె తిప్పింది. "దాన్ని వెనక్కి తిప్పి సర్వీసు రోడ్డులోంచి రమ్మను యాదయ్యా. వెనక వచ్చే బళ్ళకు నేను చెబుతాను. పేవర్‌ను మెల్లగా నడిపించు, ఆపొద్దు."

"సరే మేడం. మీరు జెప్పిండ్రు గద, ఇగ ఫికర్ లేదు."

హాల్లోంచి అత్తగారు సువార్తమ్మ గొంతు వినిపించింది. "పొద్దున్నే ఆ లారీవాళ్ళతో ఏం మాటలే అమ్మాయ్? కిటికీ తీసి ఉంది. పక్కింటివాళ్ళు వింటే ఏమనుకుంటారు?"

పక్కింటివాళ్ళు ఏమనుకుంటారో దీవెనకు తెలియదు. తారు రోడ్లు వేసే నరసింహమూర్తిగారి ఆఫీసులో ఆమె పని బళ్ళు పంపడం. నార్సింగి దాటాక ఉన్న ప్లాంటులో కంకరా తారూ సలసల కాగేలా కలిపి టిప్పర్లకెత్తుతారు. ఆ వేడి తగ్గకముందే మాలు రోడ్డు మీద పడాలి, రోలర్ కింద నలగాలి. బళ్ళన్నీ ఒక్కసారే వచ్చి వరస కడితే వెనకవాటిలో మాలు గడ్డ కడుతుంది. రావడం ఆలస్యమైతే తారు పరిచే పేవర్ ఆగిపోతుంది. అది ఆగినచోట రోడ్డు మీద మిట్ట తేలుతుంది, ఇక ఆ మిట్ట ఏళ్ళ తరబడి జనం నడుములు విరగ్గొడుతుంది. అందుకే ఏ బండి ఎప్పుడు కదలాలో, ఏ దారిన రావాలో ఒకరు కళ్ళలో వత్తులు వేసుకుని చూడాలి. ఆ ఒకరు దీవెన. హైటెక్ సిటీలో ఈ పనికి ఆదివారమే దిక్కు. మిగతా రోజుల్లో ఆఫీసు కార్లు ఆ రోడ్డును ఊపిరి తీసుకోనివ్వవు.

పెళ్ళికి ముందు నుంచీ ఆమె ఉద్యోగం చేస్తూనే ఉంది. బ్యాంకు కౌంటర్ లాంటిదేదైనా అయితే బెన్నీకి ఏ బాధా ఉండేది కాదు. ఈ పనిలో చేరినప్పటి నుంచే మొదలైంది. "లారీలు పంపడం కూడా ఒక ఉద్యోగమా?" అని మొదట నవ్వాడు. ఆఫీసు స్నేహితులు ఇంటికొచ్చి మీ మిసెస్ ఏం చేస్తారని అడిగితే, ఆమె నోరు తెరిచేలోపే "కన్‌స్ట్రక్షన్ కంపెనీలో అడ్మిన్" అని తానే చెప్పేశాడు. ఒక సోమవారం ఆమెను కార్లో దింపుతూ, "రోడ్డు చూడు, వెన్నలా ఉంది! ఎవరు వేశారోగానీ" అని మురిసిపోయాడు. "మేమే. నిన్నటి బళ్ళన్నీ నేనే నడిపించాను" అంది దీవెన, చిన్నపిల్లలా పొంగిపోతూ. "నువ్వు నడిపించడమేంటి, నువ్వు ఫోన్లు చేశావు" అన్నాడతను. ఆ మాటకు ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, కిటికీలోంచి ఆ రోడ్డునే చూస్తూ కూర్చుంది. ఇంట్లో తడి తువ్వాలు మంచం మీద వెయ్యొద్దంటే వినే నాథుడు లేడు. అక్కడ మాత్రం "ఇప్పుడు కదులు" అని ఆమె అంటే అంత పెద్ద బండీ కదిలేది, "ఆగు" అంటే ఆగేది. తన మాటకు విలువ ఉంటే మనిషికి ఎలా ఉంటుందో దీవెనకు ఆ పనిలోనే తెలిసింది. అందుకే ఆ పనంటే ఆమెకు ప్రాణం.

ఈ ఆదివారం మాత్రం చర్చికి వస్తానని మాటిచ్చింది. అత్తగారి మోకాలి ఆపరేషన్ బాగా జరిగినందుకు కృతజ్ఞత చెల్లించాలి. "ఈ ఒక్క ఆదివారం రా దీవెనా, మమ్మీ కోసం" అని బెన్నీ ఎన్నడూ లేనంత మెత్తగా అడిగాడు. ఆ మెత్తదనానికే అప్పుడు అనుమానం రావలసింది. ఆసుపత్రిలో అత్తగారి పక్కన పడుకున్నదీ, బెడ్‌పాన్ ఎత్తినదీ తానే కదా, కృతజ్ఞతకు మాత్రం తాను లేకపోతే బాగుండదనుకుంది. బళ్ళకు ముందే వేళలు చెప్పి, తాను చర్చిలో ఉండే రెండు గంటలూ చూసుకొమ్మని యాదయ్యకు అప్పగించింది.

చర్చిలో ఆడవాళ్ళు ఎడమవైపు, మగవాళ్ళు కుడివైపు. పాటలయ్యాక పాస్టర్ అబ్రహాంగారు సాక్ష్యాలు చెప్పమన్నారు. ఒకామె పిల్లవాడి జ్వరం తగ్గిందని చెప్పింది, ఒకాయన ఇంటి లోను వచ్చిందని చెప్పాడు. తర్వాత ఇస్త్రీ చొక్కా సర్దుకుంటూ బెన్నీ లేచాడు. ఇస్త్రీ ఎవరు చేశారో వేరే చెప్పనక్కర్లేదు.

"ప్రభువుకు స్తోత్రం. మా మమ్మీని మళ్ళీ నడిపించిన దేవునికి వందనాలు. ఇంకో మేలు కూడా చెప్పుకోవాలి. నా భార్య ఉద్యోగం వల్ల ఇన్నాళ్ళూ ఆదివారాలు సన్నిధికి దూరమైంది. నేను ఉపవాసముండి ప్రార్థించాను. దేవుడు దారి చూపించాడు. వాళ్ళ కంపెనీ ఓనరుతో నేనే మాట్లాడాను, ఆయన ఒప్పుకున్నారు. వచ్చే నెల నుంచి ఆమె ఇంటిపట్టునే ఉంటుంది."

"హల్లెలూయ! అందరూ ఆమేన్ అనండి!" అన్నారు పాస్టర్‌గారు.

"ఆమేన్!" అంది హాలంతా.

పుట్టినప్పటి నుంచీ అలవాటైన నోరు. అందరితోపాటు దీవెన కూడా అనేసింది. అన్నాకగానీ ఆ మాట దేనికో బుర్రకెక్కలేదు. పక్కనున్న ఆడవాళ్ళు ఆమె చెయ్యి పట్టుకుని నొక్కుతున్నారు, అభినందనలట. సువార్తమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

దీవెన లేచి బయటకు వచ్చింది. చెప్పుల గుట్ట పక్కన నిలబడి నరసింహమూర్తిగారికి ఫోన్ చేసింది.

"సార్, మా ఆయన మీతో మాట్లాడారా?"

"నిన్ననే చేశారమ్మా. ఒకటో తారీకు నుంచి నువ్వు రావన్నారు. నీ సీటు చూసుకొమ్మని శ్యామ్‌కు చెప్పేశాను కూడా. ఏం, నీకు తెలియదా?"

"నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా సార్?"

"అదేంటమ్మా, భర్త చెప్పాక ఇంక నిన్నేం అడుగుతాను?"

ఆ పెద్దాయన ఆ మాట ఎంతో మర్యాదగా అన్నాడు. దీవెనకు ఒళ్ళు మండిపోయింది. "నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నప్పుడు ఆయన్ని అడిగారా సార్?" అంది.

"లేదనుకో."

"మరి మానేటప్పుడు ఆయన మాటెందుకండీ వినడం? నేను మానడం లేదు."

"నాకెందుకమ్మా మీ ఇంటి గొడవ! మీరిద్దరూ మాట్లాడుకుని సాయంత్రం చెప్పండి."

"ఇద్దరం చెప్పేది కాదు సార్ ఇది. నా ఉద్యోగం గురించి నేను చెబుతున్నాను. రేపు నా సీట్లో నేనే ఉంటాను."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "సరేలే. శ్యామ్‌కు నేను చెప్పుకుంటాను. రేపు మీ ఆయన నా మీదకు రాకుండా మాత్రం చూసుకో."

ఫోన్ పెట్టేసింది. ఇలాగే ఆటో ఎక్కి సైటుకు వెళ్ళిపోవచ్చు, ఉద్యోగమైతే దక్కినట్టే. కానీ లోపల అంతమంది దాన్ని పాతిపెట్టి పాట పాడుకుంటున్నారు. తాను మెల్లగా జారుకుంటే ఈ రాత్రి నుంచే మొదలవుతుంది. దేవుని సన్నిధిలో ఒప్పుకున్నావు కదే అంటుంది అత్తగారు. పాస్టర్‌గారు పనిగట్టుకుని ఇంటికొచ్చి ప్రార్థన చేస్తారు. బెన్నీ అయితే అరవను కూడా అరవడు. "నువ్వూ ఆమేన్ అన్నావు, నేను విన్నాను" అని ఆ మాటనే పట్టుకుంటాడు. ఆ ఇంట్లో ఆమె ఎన్ని మాటలు అన్నా ఎవరికీ గుర్తుండవు, ఈ ఒక్క మాట మాత్రం చచ్చేదాకా గుర్తుంటుంది. ఆ ఆలోచనతో కోపం ఇంకా పెరిగింది. దాన్ని తగ్గించుకోవాలని కూడా ఆమెకు అనిపించలేదు.

మళ్ళీ లోపలికి వెళ్ళేసరికి పాట ఆగింది. "ఇంకెవరైనా ఉన్నారా సాక్ష్యం చెప్పేవాళ్ళు?" అంటున్నారు పాస్టర్‌గారు.

"నేనున్నానండి" అంది దీవెన. ఆడవాళ్ళ వరసల మధ్య నిలబడి తల మీద కొంగు సరిచేసుకుంది.

పాస్టర్‌గారి ముఖం వెలిగింది. బెన్నీ ముఖంలో కూడా చిన్న నవ్వు కనిపించింది.

"ప్రభువుకు స్తోత్రం. దేవుడు నాకు చేసిన మేళ్ళలో పెద్దది నా ఉద్యోగం. మీరు రేపు ఆఫీసులకు వెళ్ళే రోడ్డు మీద ఇప్పుడు తారు పడుతోంది. ఆ బళ్ళను పంపేది నేను. నన్ను అడగకుండా, నాకు చెప్పకుండా, మావారు నా యజమానికి ఫోన్ చేసి నేను మానేస్తానని చెప్పారు. అది దేవుడు చూపించిన దారి కాదు. ఆయన చేసిన ఫోన్."

"దీవెనా! కూర్చో!" అన్నాడు బెన్నీ. అతని ముఖం కందగడ్డ అయింది. "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంట్లో మాట్లాడాల్సింది మీరు ఇక్కడ మాట్లాడారు. అందుకే నేనూ ఇక్కడే చెబుతున్నాను."

సువార్తమ్మ కోడలి చీర పట్టుకుని కిందకు లాగుతోంది. దీవెన ఆ చేతిని మెల్లగా విడిపించి ఆమె ఒళ్ళోనే పెట్టింది.

"అమ్మా, శాంతంగా..." అన్నారు పాస్టర్‌గారు.

"శాంతంగానే ఉన్నానండి. ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను" అంది దీవెన. "ఇందాక మీ అందరితోపాటు నేనూ ఆమేన్ అన్నాను. దేనికో తెలియక అన్నాను. దేవుని ఎదుట, మీ అందరి ఎదుట, నా ఆమేన్ నేను వెనక్కి తీసుకుంటున్నాను."