గాజుతలుపు మీద నేటి వింత

నేను ఒక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌ని. ఆ పేరు నోరు తిరగనివాళ్ళు నన్ను గీకుడు మిషను అనేవాళ్ళు. నాకేం కోపం లేదు, నా పని గీకడమే. నా తలలో వరసగా సూదులుంటాయి. అవి సిరాపట్టీని పొడిస్తే కాగితం మీద చుక్కలు పడతాయి. ఆ చుక్కల్ని మనుషులు అక్షరాలనుకుంటారు. వాటిని చూసి నవ్వుతారు, వాదించుకుంటారు, ఎవరో ఒకళ్ళు తప్పకుండా మొదటి వాక్యం మాత్రమే చదివి వెళ్ళిపోతారు.

నేను పుట్టింది ఏదో సముద్రం అవతల. ఏ దేశమో నా పొట్ట కింద అంటించిన చీటీ మీద ఉండేది గాని, అది చెరిగిపోయి చాలాకాలమైంది. ఊహ తెలిశాక నా మొదటి కొలువు గుంటూరులో, ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో. బస్తాల రసీదులు కొట్టడమే పని. ఘాటుకి గుమాస్తాలు తుమ్ముతూ ఉండేవాళ్ళు. నాకు ముక్కు లేదు కాబట్టి నెగ్గుకొచ్చాను. ఆ తర్వాత చప్పుడు చెయ్యని కొత్త మిషనొకటి వచ్చింది. చప్పుడు చెయ్యనివాళ్ళంటే యజమానులకు ఎప్పుడూ ముద్దే. నన్ను మూలన పెట్టారు.

ఆ మూలనుంచి నన్ను చీరాల తీసుకొచ్చినవాడు జోజిబాబు. పేరాల వెళ్ళే రోడ్డులో లూర్దుమాత నెట్ సెంటర్ అతనిదే. అంతకుముందు శుభలేఖలు కంపోజ్ చేసేవాడు, తెలుగు టైపింగులో మంచి వేగం. చిన్న గది, ప్లైవుడ్ అడ్డాల మధ్య నాలుగు కంప్యూటర్లు, ముందు ఒక గాజుతలుపు. పరీక్షా ఫలితాల రోజుల్లో తప్ప పెద్ద రద్దీ ఉండేది కాదు. తీరిక దొరికితే చాలు, జోజిబాబు ఇంటర్నెట్టులో ఎక్కడెక్కడి వింతలో వెతుక్కుని చదివేవాడు. చదివినదాన్ని కడుపులో దాచుకోలేడు, అదీ అతని జబ్బు. ఈమెయిలు కొట్టుకుంటున్నవాళ్ళని భుజం తట్టి, "ఒక్కసారి ఇటు రండి, ఇది చూడండి" అని పిలిచేవాడు. వాళ్ళు డబ్బు కట్టిన గంట కరిగిపోతుంటే వాళ్ళకి ఇదేం గోల? ముఖాలు చిట్లించేవాళ్ళు. అలా కొన్నాళ్ళు చిన్నబుచ్చుకుని, చివరికి ఆ వింతల్నే తెలుగులో రాసి, నా చేత కొట్టించి, గాజుతలుపుకి అంటించడం మొదలుపెట్టాడు. పైన పెద్దక్షరాల్లో "నేటి వింత" అని ఉండేది.

బాతులు ఒక కన్ను తెరిచి నిద్రపోతాయన్న సంగతి పేరాల రోడ్డుకి నా వల్లే తెలిసింది. ఆక్టోపస్‌కి మూడు గుండెలన్నదీ నేనే చెప్పాను. ఎదురుగా టీ తాగేవాళ్ళు గ్లాసులతో సహా రోడ్డు దాటొచ్చి చదివేవాళ్ళు. నేను కర్ర్ కర్ర్ మంటూ మొదలెడితే ఆ రోజు వింత వస్తోందని వీధి వీధికి తెలిసేది. చప్పుడు చేస్తానని నన్ను వెలేశారు, ఇక్కడ ఆ చప్పుడు కోసమే జనం ఎదురుచూశారు. అంతకన్నా ఏం కావాలి నాకు?

కాని ఒకరోజు ఆ చప్పుడు మీదే ఫిర్యాదు వచ్చింది.

వచ్చినామె వజ్రమ్మ. ఎదురింట్లో, రోడ్డు వైపు కిటికీ ఉన్న గదిలో అద్దెకుంటుంది. ఆమె భర్త రామకోటయ్యని ఊళ్ళో మైకు రామకోటయ్య అంటారు. కొత్త సినిమా వచ్చినా, కుళాయి నీళ్ళు ఆగినా, సంతలో పిల్ల తప్పిపోయినా రిక్షాలో మైకు కట్టుకుని ఊరంతా తిరిగి చెప్పింది అతనే. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఏడాదిగా మంచం మీదే ఉన్నాడు. మాట పోయినవాడికి చప్పుడు మీద చిరాకు ఎక్కువట. నేను గీకినప్పుడల్లా కణత నొక్కుకుంటున్నాడట. వజ్రమ్మ ఇదంతా గొంతు పెంచకుండానే చెప్పింది.

జోజిబాబు నొచ్చుకున్నాడు. ఇకనుంచి పొద్దున్నే ఒక్కసారి కొట్టి ఆపేస్తానని మాటిచ్చాడు. ఆమె వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగింది. అయిదో తరగతి దాకా చదువుకుంది, కూడబలుక్కుని చదవగలదు. ఆ రోజు వింత ఏమిటంటే, ఆస్ట్రేలియాలో వాంబాట్ అనే జంతువొకటి ఉంది, దాని పెంటికలు గుండ్రంగా కాక పాచికల్లా పలకలు పలకలుగా ఉంటాయి. చివరిదాకా చదివి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని జోజిబాబు కంగారుపడ్డాడు. నవ్వుతోంది.

"ఈ కాగితం ఇయ్యయ్యా, మా ఆయనకి చూపిస్తా" అంది.

మర్నాడు పొద్దున నేను మొదలెట్టకముందే వచ్చి నిలబడింది. "నిన్న మా ఆయన నవ్వాడయ్యా" అంది.   జోజిబాబు కుర్చీ లాగి కూర్చుని ఆ రోజు వింత టైపు చెయ్యడం మొదలెట్టాడు.

అప్పట్నుంచి రోజూ రెండు ప్రతులు. ఒకటి తలుపుకి, ఒకటి రామకోటయ్యకి. అతనిది పెద్దక్షరాల్లో. ఆమె మంచం పక్కన కూర్చుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివేది. కిటికీ తెరిచి ఉండేది కాబట్టి నాకూ వినబడేది. నేను కొట్టిన అక్షరాలు ఒక గొంతులో వినడం నాకదే మొదలు. ఇంగ్లండులో ఒక విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, కాఫీ అయిపోయిందో లేదో లేచి వెళ్ళకుండా తెలుసుకోవడానికి కాఫీ కుండకి ఎదురుగా కెమెరా పెట్టుకున్నారని చదివినప్పుడు, వజ్రమ్మ మధ్యలో ఆపి, ఆ కెమెరా పెట్టే ఓపికతో ఇంకో కుండ కాచుకోవచ్చు గదా అంది. అప్పుడు మంచం మీంచి ఒక శబ్దం వచ్చింది. ముద్దముద్దగా, తడితడిగా.

"మ... ళ్ళీ."

మళ్ళీ చదవమన్నాడు. ఏడాది తర్వాత అతని నోట వచ్చిన మొదటి మాట అదే. వజ్రమ్మ ఆ కాఫీ కుండ కథ ఆ పూట ఎన్నిసార్లు చదివిందో నాకు లెక్క తెలియదు. తర్వాత ఆసుపత్రిలో డాక్టరు, అతన్నే చదవనివ్వండి, తప్పులొచ్చినా దిద్దకండి అన్నాడట. దాంతో కాగితం రామకోటయ్య ఎడమచేతిలోకి వెళ్ళింది. వాక్యం పూర్తయ్యేసరికి అన్నం చల్లారిపోయేది. అయినా పూర్తి చేసేవాడు. ఇప్పుడు నేను గీకడం ఆలస్యమైతే కిటికీ ఊచల మీద చెంచాతో కొట్టేవాడు, కానివ్వమని.

ఆ తర్వాతి డిసెంబరులో సునామీ వచ్చింది. మా తీరంలోనూ పడవలు పోయాయి, మనుషులు పోయారు. కొన్ని రోజులు జోజిబాబు వింతలు రాయలేదు. ఆ అల అంటే ఏమిటని దుకాణానికి వచ్చినవాళ్ళంతా అతన్నే అడగడం మొదలెట్టారు. నెల తిరిగాక, తెలిస్తే భయం పోతుందనుకుని ఒక కాగితం రాశాడు. పైన "విమానమంత వేగంతో వచ్చే అల" అని పెట్టాడు. కింద, నడిసముద్రంలో సునామీ ఎంత వేగంగా పోతుందన్నదీ, అక్కడ పడవలో ఉన్నవాడికి అది తెలియను కూడా తెలియదన్నదీ వివరంగా ఉంది. చివర, ఇలాంటిది మళ్ళీ రావాలంటే సముద్రం అడుగున పెద్ద భూకంపం రావాలనీ, ప్రస్తుతం అలాంటిదేమీ లేదనీ రాశాడు.

చివరిదాకా ఎవరు చదువుతారు? సైకిలు మీద పోతూ పోతూ ఒకాయన పై వరస చదివాడు. అది గడియారస్తంభం చేరేసరికి "అల వస్తోందట" అయింది. మార్కెట్టు చేరేసరికి "నెట్టులో పడిందట" కూడా కలిసింది. మధ్యాహ్నం కాకుండానే షట్టర్లు దబదబా పడ్డాయి. పిల్లల్ని చంకనేసుకుని, మూటలు నెత్తిన పెట్టుకుని జనం మా రోడ్డంట పోటెత్తారు. ఇటుపక్క మెరకట. టీ బల్లలు తిరగబడ్డాయి. ఒక ముసలామె పడిపోతే మోచెయ్యి చిట్లింది. జోజిబాబు రోడ్డు మధ్యకి వెళ్ళి రెండు చేతులూ చాపి, అదంతా అబద్ధం, కింద రాసింది చదవండని మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. ఎవరో ఆ కాగితాన్నే పీకి, ఇదిగో రుజువని పట్టుకుని పరుగెత్తారు.

కిటికీలోంచి చెంచా చప్పుడు. రామకోటయ్య మంచం కిందకి వేలు చూపిస్తున్నాడు. అక్కడ అతని మైకు సెట్టు ఉంది, పాత చీరలో చుట్టి. వజ్రమ్మ మొదట వద్దంది. నీ మాట వాళ్ళకి అర్థం కాదు, నవ్వుతారు, తర్వాత నువ్వు తట్టుకోలేవు అంది. అతను ఆమె ముఖంలోకి చూస్తూ వేలు దించలేదు. చివరికి ఆమే చీర విప్పింది. జోజిబాబు పరుగున వెళ్ళి బ్యాటరీ కలిపి, బూరని కిటికీ ఊచలకి కట్టాడు.

"చీరాల... వాసులకు... మనవి."

ఆ గొంతు పాత గొంతు కాదు. సగం మాటలు గాలిలోనే జారిపోయాయి. కాని ఆ ఎత్తుగడ ఊరికి పాతికేళ్ళుగా తెలుసు. మొదట ఒక ఆడమనిషి ఆగింది. ఆమె వెనకున్నవాళ్ళు ఆమెకి తగిలి ఆగారు.

"అల... లేదు. కాగితం... నేను... చదివా. ఇళ్ళకి... పొండి."

అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాడు, రోడ్డు పల్చబడేదాకా. ఎవరూ నవ్వలేదు. మూట దించుకున్న ఒకాయన కిటికీ వైపు చూసి, కోటయ్యన్నకి మాటొచ్చిందా అని పక్కనున్నవాణ్ణి అడిగాడు. అల సంగతి ఆ పక్కనున్నవాడూ మర్చిపోయాడు.

ఆ సాయంత్రం జోజిబాబు గాజుతలుపు తుడిచాడు. జిగురు మరకలు కూడా పోయేదాకా తుడిచి, నా మీద గుడ్డ కప్పాడు. దెబ్బ తగిలిన ముసలామెని చూడటానికి ఆసుపత్రికి వెళ్ళాడు. మర్నాడు నన్ను కదపలేదు. ఆ మర్నాడూ కదపలేదు. అక్కడ ఆమె మనుషులు అన్న మాటలు అతనికి గుచ్చుకున్నాయి. నిజమే రాశాను, నిజంతోనే జనాన్ని పరుగెత్తించాను అని ఎవరితోనో ఫోన్లో అనడం విన్నాను.

వజ్రమ్మ వచ్చింది. నా మీద గుడ్డ చూసింది.

"ఇయ్యాల్టిది ఏదీ?"

"ఇక రాయను పిన్నీ."

"రాయకపోతే మా ఆయన ఏం చదవాలి? రాసేది తలుపుకి అంటించకు, నాకియ్యి. పైన పేరు పెట్టకు. మొదటి నుంచీ చదివితేనే సంగతి తెలిసేట్టు రాయి."

 జోజిబాబు గుడ్డ తీశాడు. కొన్ని నెలలకి కాగితం మళ్ళీ తలుపెక్కింది, ఈసారి పైన పెద్దక్షరాలు లేకుండా. టీ తాగేవాళ్ళు చివరిదాకా చదవక తప్పలేదు. చదివేలోగా టీ చల్లారిపోతోందని తిట్టుకునేవాళ్ళు, మర్నాడు మళ్ళీ వచ్చేవాళ్ళు.

రామకోటయ్య ఆ తర్వాత కొన్నేళ్ళు బతికాడు. మాట పూర్తిగా బాగుపడలేదు గాని, భార్యతో పోట్లాడటానికి సరిపోయేంత వచ్చింది. అతను పోయిన ఏడాదే జనం చేతుల్లోకి పెద్ద తెర ఫోన్లు వచ్చాయి. వింతలు జేబుల్లోకి దిగిపోయాయి. గాజుతలుపు ముందు ఎవరూ ఆగేవాళ్ళు కాదు. జోజిబాబు సెంటరు మూసేసి, ఒంగోలులో ఫ్లెక్సీలు వేసే షాపులో చేరాడు. నన్ను తీసుకెళ్ళాలని చూశాడు గాని, నా సిరాపట్టీ ఎక్కడా దొరకలేదు. పాత ఇనుప సామాన్ల వాడికి ఇచ్చేటప్పుడు నా మీది దుమ్ము ఊది, చేత్తో కూడా తుడిచాడు. తూకానికి పోయేదాన్ని తుడవడమెందుకో మనుషులకే తెలియాలి.

ఇప్పుడు నేను రైలుగేటు దగ్గర పాత సామాన్ల గోడౌనులో ఉన్నాను. నా పక్కన తలుపూడిన ఫ్రిజ్జొకటి, చక్రాల్లేని పిల్లల బండొకటి. ఇక్కడ ప్లాస్టిక్ ఏరే ఆమె పేరు మరియంబీ. ఈ మధ్యాహ్నం అన్నం తిని, నా వీపుకి ఆనుకుని కూర్చుని ఫోను చూసుకుంటోంది. ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. ఏం చూసిందో నాకు తెలియదు. తెర నావైపు లేదు. కాసేపు ఒక్కతే నవ్వుకుంది. మళ్ళీ చూసింది, మళ్ళీ నవ్వింది. కాని ఎందుకో ఆ నవ్వు ఆమెకి సరిపోలేదు. అటూ ఇటూ చూసింది. తూకం దగ్గర రాములు ఒక్కడే ఉన్నాడు, పొద్దున్నే వాళ్ళిద్దరికీ గొడవైంది, మాటల్లేవు. ఆమె కొంచెంసేపు ఆలోచించింది. తర్వాత లేచి, చీర దులుపుకుని, ఇనుప తుక్కు మీదుగా జాగ్రత్తగా అడుగులు వేస్తూ, ఫోను ముందుకి చాచి పట్టుకుని అతని దగ్గరికి వెళ్ళింది.