పదకొండు కొలతల పుస్తకాలు

వ్యాపారం మొదలుపెట్టిన రోజున నా చేతిలో ఉన్నవి పెళ్ళికి ముందు నా సంపాదనతో కొనుక్కున్న పాత కుట్టుమిషను, ఒక తాను ముదురు నీలం బట్ట, డబ్బా నిండా ఇత్తడి గుండీలు. మా ఆయన చేతిలో ఉన్నది ఒక వీడియో క్యాసెట్ల పెట్టె. ఆ పెట్టే తన పెట్టుబడి అని ఆయన ఇరవయ్యారేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు. గుండీల సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

క్యాసెట్లలో ఉన్నది ‘తొమ్మిదో నౌక’. వారానికొకసారి టీవీలో వచ్చిన అంతరిక్ష ధారావాహిక. భూమి పాడైపోయాక జనం తొమ్మిది నౌకలెక్కి బయల్దేరతారు. ఎనిమిది దారి తప్పుతాయి. తొమ్మిదోది, నిలవనీడ దొరికే గ్రహం కోసం వెతుకుతూ పోతూనే ఉంటుంది. ఎన్నేళ్ళయినా చేరదు, చేరితే ధారావాహిక అయిపోతుంది కదా. దాన్ని చిన్నప్పుడు చూసి, జుట్టు నెరిసినా ఆ నౌక దిగనివాళ్ళు లక్షల్లో ఉన్నారు. ఏటా ఒకచోట చేరి, నీలం కోట్లు తొడుక్కుని, ఒకరికొకరు సెల్యూట్ కొట్టుకుంటారు. ఇంటి దగ్గర బల్బు మార్చడం రానివాళ్ళు అక్కడ గ్రహాల్ని కాపాడతారు.

మొదటి కోటు మా ఆయనకే కుట్టాను. అది చూసి నలుగురు అడిగారట. “దాందేముంది, మా ఇంట్లో కుట్టిస్తాను” అన్నారట ఈయన. ఆ ఒక్క మాటతో ఆయన యజమాని అయ్యారు, నేను ఇల్లు అయ్యాను. మూడేళ్ళకి మా వీధి చివర దుకాణం వెలిసింది. బోర్డు మీద ఆయన ముద్దుపేరు ‘కెప్టెన్’. కౌంటరు వెనక ఎత్తు కుర్చీలో ఆయన, ఆయన వెనక తెర, తెర వెనక గదిలో గోడవైపు తిరిగి నేను. ఆయన మాట్లాడేవారు. నేను కుట్టేదాన్ని. సాయంత్రం గల్లాపెట్టె ఆయన లెక్కపెట్టి, “ఇవాళ బాగా మాట్లాడాను” అనేవారు.

ఈ కోట్లతో చిక్కేమిటంటే కోటు అంటే కోటు కాదు. ఒకడు వచ్చి, “మూడో ఏడాదిలో మెకానిక్ చెయ్యి కాలిన తర్వాత వేసుకున్నది కావాలి” అంటాడు. ఇంకొకడికి డాక్టరు మంచుగ్రహం మీద చింపుకున్నది, చిరుగుతో సహా కావాలి. అంగుళం తేడా వస్తే దుకాణం ముందు నిలబడి తగువులాడతారు. అందుకని కొలతల పుస్తకంలో ఎడమ పేజీ మీద మనిషి కొలతలు రాసుకుని, కుడి పేజీ మీద ఆ కోటు కథ రాసుకునేదాన్ని. ఏ భాగం, ఎవరు ఎవరితో ఏమన్నారు, ఏ చేతికి దెబ్బ, ఎవరు కట్టు కట్టారు, ఆ కట్టు తర్వాతి వారం ఉందా లేదా. మెకానిక్ ఒక ఆడమనిషి. నౌకకి చిల్లుపడితే తన కోటు గుండీ పీకి అడ్డం పెడుతుంది. ఊపిరాడి బతికినవాళ్ళలో ఒక్కడూ ఆ గుండీ ఏమైందని అడగడు. అప్పట్నుంచి ఆఖరి భాగం దాకా ఆమె కోటుకి ఆరే గుండీలు. ఇది నేను కుడి పేజీలో రాసి కింద గీత గీసుకున్నాను. అలా పదకొండు పుస్తకాలు నిండాయి. మా అత్తగారు వాటిమీద వేడి గిన్నెలు దించేవారు.

ఇక కంపెనీల సంగతి. ఆ ధారావాహిక తీసింది ఒక చిన్న స్టూడియో. దాన్ని బొమ్మల కంపెనీ కొంది. కొన్న ఆర్నెల్లకి నౌకలోకి చక్రాల మీద తిరిగే యంత్రపు కుక్కపిల్ల వచ్చింది. ఎందుకొచ్చిందంటే అది అట్టపెట్టెలో సరిగ్గా పడుతుంది గనక. బొమ్మల కంపెనీని ఫోన్ల కంపెనీ మింగింది. మింగగానే ఛాతీ మీది ముద్ర మార్చింది. నేను చేత్తో కుట్టిపెట్టిన బ్యాడ్జీలు రెండు సంచులు మసిగుడ్డలయ్యాయి. తర్వాత ఫోన్ల కంపెనీ, ఇంకో సినిమాల కంపెనీ కలిసి ఒకటయ్యాయని పేపర్లో ఫొటో వేశారు. ఇద్దరు మగవాళ్ళు చేతులు కలుపుకుని పళ్ళు చూపిస్తున్నారు. ‘రెండు కుటుంబాలు ఒకటైన వేళ’ అని పైన రాశారు. నాకు నవ్వొచ్చింది. ఇద్దరు కలిసి ఒకటవడం అంటే ఏమిటో పెళ్ళైన ఆడదాన్నెవరినైనా అడిగితే చెబుతుంది. కలిశాక ఒకటే మిగులుతుంది, నిజమే. ఆ ఒకటీ ఎవరన్నదే సంగతి.

ఆ కలయికలో మొదట ఊడినవి స్టూడియో నేలమాళిగలో పనిచేసే ముగ్గురు ఆడవాళ్ళ ఉద్యోగాలు. ఏ గ్రహం మీద రెండు సూర్యుళ్ళు, ఎవరి తమ్ముడు ఎప్పుడు పోయాడు, ఇవన్నీ రాసి బీరువాల్లో భద్రపరచడం వాళ్ళ పని. దారం రంగు అడుగుతూ నేను ఉత్తరం రాస్తే వాళ్ళలో ఒకావిడ గుడ్డముక్క అంటించి జవాబు పంపేది. ఆఖరి ఉత్తరంలో “మా పనిలో లాభం కనపడటం లేదట. బీరువాలు కూడా బయట పడేస్తున్నారు” అని రాసింది. గుర్తుపెట్టుకోవడం కూడా ఒక పని అని ఇంట్లోనే ఎవరికీ తెలియదు, కంపెనీకి ఎలా తెలుస్తుంది?

తెలిసొచ్చింది మూడేళ్ళకి. చాలా డబ్బు పోసి కొత్త సినిమా మొదలుపెట్టారు, నౌక చివరికి ఏమైందో ఇందులో తేలుస్తామని చాటారు. మొదటి పోస్టరులో మెకానిక్ కోటుకి ఏడు గుండీలున్నాయి. లక్షలమంది కలిసి కంపెనీని ఉతికి ఆరేశారు. కంపెనీలో వెతికితే ఆ కథ తెలిసినవాడు ఒక్కడూ లేడు. అప్పుడెవరో మా ఆయన పేరు చెప్పారు.

భోజనాల దగ్గర ఆయన ప్రకటించారు. “ఏమోయ్, ఆ పుస్తకాలు దుమ్ము దులిపి బల్ల మీద పెట్టు. రేపు పదింటికి కంపెనీ నుంచి వస్తున్నారు. టీ మంచి కప్పుల్లో ఇవ్వు.”

“ఇచ్చేస్తారా వాటిని?”

“ఇవ్వకేం! తెర మీద పేరు వేస్తారట. గౌరవ సలహాదారు.”

“ఏమిస్తారు?”

“నీకు ప్రతిదీ బేరమే. గౌరవం అన్నాను కదా.”

బేరంలో గౌరవం అనే మాట ఎప్పుడొస్తుందో నాకు తెలుసు. జేబులోంచి చెయ్యి బయటికి రాకూడదనుకున్నప్పుడు వస్తుంది.

“ఎవరి పేరు వేస్తారు?”

“నలుగురికీ తెలిసిన పేరు వేస్తారు గానీ, నీ పేరు ఎవరికి తెలుసు?” అన్నారు పెరుగు కలుపుకుంటూ. ఆ మాటలో విషం లేదు. ఉంటే బాగుండేది, విషానికి విరుగుడుంటుంది.

“మావాడి బుర్ర మొదట్నుంచీ అంతే,” అన్నారు అత్తగారు. “మాస్టారు అప్పుడే అన్నారు, అమ్మా, మీవాడు ఎప్పుడూ ఆకాశంలోనే ఉంటాడని.”

మర్నాడు వచ్చినాయన బూట్లలో మొహం చూసుకోవచ్చు. మా ఆయన్ని “సార్, సార్” అన్నాడు. నేను టీ తీసుకురావడానికి లోపలికెళ్ళాను. తిరిగొచ్చేసరికి నాలుగో పుస్తకం తెరిచి ఉంది.

“ఈ అంకెలేంటి సార్? నలభయ్యారు, యాభై రెండు, యాభై?”

ఆ పుస్తకాలు మా ఆయన ఒక్కసారీ తెరవలేదు. కళ్ళజోడు సర్దుకుని, పేజీని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, “అంతరిక్షంలో నౌక స్థానం. మూడు దిక్కుల కొలతలు,” అన్నారు.

బూట్లాయన ఎగిరి గంతేసినంత పనిచేశాడు. “అయ్యో, ఇవి మా దగ్గర లేనే లేవు! అయితే వాళ్ళు చేరాల్సిన గ్రహం ఇదేనా?”

“దాదాపు,” అన్నారు మా ఆయన.

“సినిమాలో ఇదే గమ్యం పెట్టేద్దాం సార్!” అని ఫోన్లో ఎక్కించుకుంటున్నాడు.

నేను ట్రే కింద పెట్టాను. చెప్పకుండా ఊరుకోవచ్చు. ఇరవయ్యారేళ్ళు ఊరుకున్నాను, ఊరుకోవడంలో నాకు మంచి అనుభవం ఉంది. కానీ అది నా సరుకు. పాడుచేసి అమ్ముతుంటే చూస్తూ నిలబడటం నాకు చేతకాలేదు.

“అది బ్యాంకు క్యాషియరు గారి నడుమండీ,” అన్నాను.

“ఏంటి మేడమ్?”

“ఛాతీ నలభయ్యారు, నడుము యాభై రెండు, తుంటి యాభై. కూర్చుంటే గుండీలు తెగుతాయని రెండంగుళాలు వదిలాను. నౌకని అటు పంపకండి, ఇరుక్కుంటుంది.”

బూట్లాయన నవ్వాపుకోలేక టీ ఒంటిమీద పోసుకున్నాడు. మా ఆయన మాత్రం నావైపు చూడకుండా, “నేను చెబుతుంటే రాసుకుంది. అక్కడక్కడా సొంత లెక్కలు కలిపేసింది,” అన్నారు.

కుడి పేజీ ఆయనవైపు తిప్పాను. అందులో నా పొడి అక్షరాలు, బాణాలు, సుద్దగీతలు. “మీరు చెప్పిందే కదండీ. చదివి వినిపించండి.”

“కళ్ళజోడు లేదు,” అన్నారు. అది ముక్కు మీదే ఉంది.

బూట్లాయన కుర్చీ నావైపు జరుపుకున్నాడు. ఆరు గుండీల సంగతి అడిగాడు, చెప్పాను. ఇంకో ఇరవై అడిగాడు, పుస్తకం చూడకుండానే చెప్పాను. చివరికి, “ఎంతకిస్తారు మేడమ్?” అన్నాడు. ఆ ఇంట్లో ఆ ప్రశ్న నన్నెవరైనా అడగడం అదే మొదలు.

“అమ్మను. ఏడాదికి అద్దెకిస్తాను. అద్దె ముందుగా ఇవ్వాలి. పుస్తకాలు నా దగ్గరే ఉంటాయి, నేనే వచ్చి చెబుతాను. పేరు నాది వేయాలి.”

“మా పద్ధతి ప్రకారం సినిమా విడుదలయ్యాక...”

“అప్పటిదాకా మీ కంపెనీ ఉంటుందా?”

ఆయన తన బూట్లకేసి చూసుకున్నాడు. నాలుగేళ్ళలో నాలుగు కంపెనీల కార్డులు మెళ్ళో వేసుకున్నవాడు, అబద్ధమాడలేకపోయాడు. నా షరతులకి ఒప్పుకున్నాడు.

ఆయన వెళ్ళాక మా ఆయన, “పరాయివాడి ముందు పరువు తీశావు. నీకు ఆ కథంటే ప్రేమ లేదు, వ్యాపారం చేశావు,” అన్నారు. ప్రేమ ఉన్నది ఆయనకి. ప్రేమ ఉన్నాయన మంచుగ్రహం పేరు తప్పు చెబుతారు, వ్యాపారం చేసినదానికి అక్కడ చలికి ఎవరి వేలు ఊడిందో గుర్తుంది.

ఎనిమిది నెలలు వాళ్ళ ఆఫీసుకి వెళ్ళొచ్చాను. “నువ్వలా వెళ్ళిపోతే వీడికి అన్నం ఎవరు పెడతారు?” అన్నారు అత్తగారు. “అంత పెద్ద నౌకలో వంటగది లేకుండా ఉంటుందా అత్తయ్యా, చూసుకుంటారు లెండి,” అన్నాను. అక్కడ ధారావాహికలో ఒక్క భాగం కూడా చూడని కుర్రకారు సినిమా రాస్తున్నారు. వారానికొక కొత్త పెద్దమనిషి వచ్చి కుక్కపిల్లని పెట్టమంటాడు, ఇంకో వారం ఇంకొకడు వచ్చి తియ్యమంటాడు. ఎవరికీ ఏమీ తెలియదు, ఎవరూ తెలియదని అనరు. నాకది కొత్తేమీ కాదు, ఇంట్లో అలవాటే. నేను మాత్రం ఆరు గుండీల దగ్గర్నుంచి కదల్లేదు. చివరికి ఒక మధ్యాహ్నం పూర్తయిన సినిమాని పదిమందికి చూపించారు. చూసినదాంట్లో ఒక్క ముక్కా ఎవరికీ చెప్పబోమని అందరి చేతా సంతకాలు తీసుకున్నారు. ఆఖర్న నల్లటి తెర మీద నా పేరు, ఇంటిపేరుతో సహా కదిలి వెళ్ళింది.

మూడు వారాలకి ఆ కంపెనీని ఇంకో కంపెనీ కలుపుకుంది. కొత్తవాళ్ళు కూడికలూ తీసివేతలూ వేసి చూసుకున్నారట. సినిమా విడుదల చేస్తే వచ్చే లాభం కంటే, చెయ్యకుండా నష్టమని రాసుకుంటే తగ్గే పన్ను ఎక్కువట. పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఎన్నటికీ బయటికి రాదు. నేనూ వ్యాపారినే. డాగు పడిన కోటుని సగం ధరకి అమ్మాను, చిరిగినదాన్ని సంచిగా కుట్టి అమ్మాను. మంచి కోటుని తగలబెట్టి లాభం తీసేంత తెలివి నాకు లేదు, వద్దు కూడా.

ఆరోజు దుకాణం ముందు నీలం కోట్లవాళ్ళు గుంపులుగా నిలబడి ఏడ్చారు. మా ఆయన వాళ్ళని ఓదార్చి, తానే ఏడ్చి, సాయంత్రం తెర పక్కకి తీసి నా గదిలోకి వచ్చారు. చేతిలో టీ కప్పు. ఆయనే పెట్టారు. చక్కెర మర్చిపోయారు. నేను తాగాను.

“నువ్వు చూశావు కదా,” అన్నారు.

“చూశాను.”

“చేరిందా?”

“సంతకం పెట్టానండి.”

“నేను పరాయివాణ్ణా?”

సూదిలో దారం ఎక్కిస్తున్నాను.

“పోనీ అవునో కాదో చెప్పు. తలూపు చాలు.” ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఉప్పెక్కడ, చొక్కా ఎక్కడ, తాళమెక్కడ అని అడిగారు గానీ, తెలుసుకోవాలని ఒక్క విషయమూ అడగలేదు. “యాభై ఏళ్ళొచ్చాయి నాకు. తెలియకుండా చచ్చిపోమంటావా?”

తల కూడా ఊపలేదు. దారం ముడేసి, మిషను తొక్కాను.

లెక్క తేలింది. కంపెనీకి సినిమా లేదు, ఆయనకి పేరు లేదు, ఆ లక్షలమందికి ముగింపు లేదు. నాకు ఏడాది అద్దె ముందే ముట్టింది, పుస్తకాలు పదకొండూ నా బీరువాలో ఉన్నాయి, వాటిమీద ఇప్పుడెవరూ గిన్నెలు దించరు. మిగతాది కాగితం మీదికి ఎక్కని లాభం. నౌక తలుపు తెరుచుకున్నాక మొదట కిందికి దిగిందెవరో, దిగి, వెనక్కైనా చూడకుండా ఆమె ఏమందో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.