మనిషికో చార

పొద్దున్నుంచీ నా కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. కొత్తవాడలో మా మగ్గాల షెడ్డులో ఎగ్జిబిషన్ పెడుతున్నానంటే నా మొగుడు ఖాజా మొహినుద్దీనే నవ్వాడు. "జంపఖానాలు అమ్ముకునేటిదానివి, నీకెందుకీ షోకులు అనీస్?" అన్నాడు. నవ్వనీ. షోకు కాదది, పని పడింది.

పని రాయమల్లుది. నర్సంపేట దిక్కు మనిషి. చేయని దొంగతనానికి నాలుగేళ్ళు జైల్లో ఉన్నాడు, నేత అక్కడే నేర్చుకున్నాడు. కోర్టు కేసు కొట్టేశాక పని అడుగుతూ వస్తే మగ్గం ఇచ్చాను. జైలోడికి మగ్గమా అని మా వాడ అంతా గొణిగింది. గొణిగినవాళ్ళే ఇప్పుడు ఆయన రంగులు చూసి కాపీ కొడుతున్నారు, సిగ్గులేని జనం. ఆయన పగలు నేస్తాడు, తీరిక దొరికితే కాలేజీలకు పోయి మాట్లాడతాడు. బెయిలొచ్చినా జమానతు ఉండి పూచీ పడేవాళ్ళు లేక లోపలే మగ్గిపోయే పేదవాళ్ళ గురించి, ఆ పద్ధతి మారాలని.

అలాంటివాడే కుమారస్వామి. జైల్లో రాయమల్లు పక్కన పడుకున్న మనిషి. ఉగాదికి బెయిలొచ్చింది, ఇప్పుడు దసరా దగ్గరపడింది, ఇంకా లోపలే ఉన్నాడు. సొంత ఇల్లో పొలమో ఉన్న ఇద్దరు కోర్టుకొచ్చి పూచీ పడాలి. ఒకరిగా నేను ఉంటానన్నాను. రెండో మనిషి దొరకలేదు.

అందుకే రాయమల్లు జైల్లో తాము పడుకున్న బ్యారక్‌నే నేశాడు. గోడంత జంపఖానా, ఎరుపు, నీలం, పసుపు చారలు. ఒక్కో చార ఒక్కో ఖైదీ పడుకునే జాగా, కచ్చితంగా అంతే వెడల్పు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇది చూసి ఎవరైనా ముందుకొస్తారని మా ఇద్దరి ఆశ.

పట్నంలో బొమ్మలు పెట్టినట్టు దాన్ని గోడకు వేలాడదీశాం. అక్కడే బోల్తా పడ్డాం. వచ్చినవాళ్ళంతా నేతవాళ్ళే కదా. ఒకాయన అంచు గిల్లి చూశాడు. ఇంకొకాయన వెనక్కి తిప్పి ముడులు ఎక్కడున్నాయని వెతికాడు. "పనితనం మంచిగున్నది" అని మెచ్చుకుని అందరూ చాయ్ దగ్గరికి పోయారు. పక్కన కుమారస్వామి గురించి రాయమల్లు రాసిపెట్టిన అట్టను ఒక్కరూ చదవలేదు. ఆయన ముఖం వాడిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

స్టూలెక్కి జంపఖానాను కిందికి లాగి నేల మీద పరిచేశాను. "ఏం జేస్తానవ్ అక్కా, మైలబడుతది" అని రాయమల్లు లబోదిబోమన్నాడు. పడనీ అన్నాను.

ఇక చూడండి. జంపఖానా పరిస్తే కూర్చోకుండా ఉండే ఆడది మా వాడలో పుట్టలేదు. చెప్పులు విడిచి, చాయ్ గ్లాసులతో వచ్చి బైఠాయించారు. మూలింటి చిలుకమ్మ కాస్త భారీ మనిషి. ఒక చారలో కూర్చుంటే పక్క చారలో ఉన్న వినోద మీదికి ఒరిగింది.

"జర జరుగు వినోదా."

"ఏడికి జరగాలె పెద్దమ్మా? ఇటు నీ మోకాలు, అటు గోడ."

అందరూ పకపకా నవ్వారు. రాయమల్లు గొంతు సవరించుకున్నాడు.

"జరగద్దు పెద్దమ్మా. ఒక చార ఒక మనిషిది. జైల్ల అట్లనే పండుకోవాలె. ఒకలు పక్కకు తిరిగితే వరుసంత తిరగాలె. నువ్వు కూసున్నది కుమారస్వామి జాగ. ఉగాదికే బెయిలొచ్చింది, ఇంక ఆడనే ఉన్నడు."

చిలుకమ్మ గ్లాసు పక్కన పెట్టి, నిజమో కాదో చూద్దామన్నట్టు ఆ చారలో నడుం వాల్చింది. భుజాలు రెండు వైపులా బయటికే వచ్చాయి.

"బెయిలొచ్చిందంటివి గదా, ఇంకెందుకున్నడు?"

రాయమల్లు జమానతు సంగతి చెప్పాడు. సొంతిల్లున్న చిలుకమ్మకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"నేనుంటే, ఆయన పారిపోతే?"

"పారిపోతే కోర్టోళ్ళు నిన్నే అడుగుతరు. నీకు అబద్ధం చెప్ప. కని ఊళ్ళె తల్లి ఒక్కతే ఉన్నది పెద్దమ్మా, ఆమె కాడికి తప్ప ఏడికీ పోడు."

ఇంతసేపు నోరు మూసుకుని ఉండడం నా జన్మలో ఇదే మొదలు. చిలుకమ్మ పక్కకు తిరగబోయింది. వినోద మోకాలు తగిలి ఆగిపోయింది. అలాగే వెల్లకిలా పడుకుని రేకుల కప్పు వైపు చూసింది.

"సోమారం కోర్టు ఎన్ని గంటలకు తెరుస్తరు?" అని అడిగింది.

పదికి అని నేనే చెప్పాను, గంతులేయబోతున్న కాళ్ళను అదిమిపెట్టుకుని. "తొమ్మిదికే ఆటో నీ ఇంటి ముంగట ఉంటది చిలుకక్కా."