ఒడ్డున ఎవరైనా ఉన్నారా

“ఆ పైకప్పు ఊడి మన నెత్తిన పడితే?” అన్నాను తలుపు దగ్గరే ఆగిపోయి.

మా అమ్మాయి నన్ను దాటుకుని లోపలికి నడిచింది. నాతో మాట్లాడి నాలుగు నెలలయింది.

“పడితే పడనీ అక్కా. రేపు ఎలాగూ కూల్చేదేగా, సగం పని తప్పుతుంది,” అన్నాడు మెషిన్ తమ్ముడు. సినిమా వేసేది అతనే కాబట్టి పార్కులో అందరికీ మెషిన్ తమ్ముడే.

మా ప్రాంతం చరిత్రను పావుగంటలో చూపించే పార్కు హాలు అది. రెండేళ్లుగా మూసే ఉంది. తెర మీద పడవ కదిలితే మన కుర్చీలూ కదిలేవి, వరదొస్తే మొహాన నీళ్లు చిమ్మేవి. అందులో పదకొండేళ్లు నా పని ఒకటే, ఆట మొదలయ్యే ముందు వరుస వరుసకీ వెళ్లి కుర్చీల బెల్టులు లాగి చూడటం. భయం నాకు పుట్టుకతోనే ఉంది. జీతమిచ్చి మరీ భయపడమన్న చోటు మాత్రం అదొక్కటే.

ఆ సినిమాలో మా అమ్మాయి ఉంది. దాని ఆరేళ్లప్పుడు తీశారు. చివరిసారి వేస్తాను రమ్మని మెషిన్ తమ్ముడు కబురు పెడితే, చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటించాను. వస్తుందనుకోలేదు. వచ్చింది, మాట మాత్రం ఇంట్లోనే వదిలేసి.

తప్పు నాదే. రేవులో పడవ నడిపే ఉద్యోగం వచ్చింది దానికి. నేను చాటుగా ఆఫీసుకి ఫోన్ చేసి, “అయ్యా, మా పిల్లకి నీళ్లంటే భయం, కళ్లు తిరుగుతాయి” అని చెప్పాను. భయం నాది, పేరు దానిది పెట్టాను. ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశారు.

ఏడో వరుసలో కూర్చుని బెల్టులు పెట్టుకున్నాం. దీపాలు ఆరాయి. నిద్రలో ఎవరో దుప్పటి కప్పినట్టు నీలం వెలుగు మెల్లగా మా మీదికి వచ్చింది. మట్టి కోట లేచింది, సంత నిండింది, ఇళ్ల కప్పుల మీదుగా నది పొంగింది. కుర్చీలు ఊగాయి. గొట్టాల్లో నీళ్లు లేక ఉత్త గాలే మొహాన్ని తాకింది. తేలుతున్నానో, కలగంటున్నానో తెలియలేదు.

టక్కుమంది. మా అమ్మాయి బెల్టు విప్పేసింది.

నా చెయ్యి దానంతటదే లేచింది. ముందుకు పడితే? తల పగిలితే? అది నా చేతివంకే చూస్తోంది. ఆ చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీదే కూర్చున్నాను.

తెర మీద వరదలో ఒంటరి పడవ. అందులో ఆరేళ్ల మా అమ్మాయి, తడిసిన గౌను, తనకంటే పొడవైన తెడ్డు. ఆ రోజు దాని నడుముకి కట్టిన తాడు రెండో కొస నా చేతిలోనే ఉంది. తెర మీద ఆ తాడు కనపడదు.

“ఒడ్డున ఎవరైనా ఉన్నారా?” అని అరిచింది.

హాలంతా “ఉన్నాం!” అని అరిచేది ఇక్కడే. ఆ జవాబు వినిపించాకే మెషిన్ తమ్ముడు మీట నొక్కి పడవను ఒడ్డుకు తెచ్చేవాడు.

నోరు తెరవబోయి మూసుకున్నాను. దాని తరఫున మాట్లాడి వెలగబెట్టింది చాలు.

పడవ అక్కడే ఊగుతోంది. మెషిన్ తమ్ముడు మీట నొక్కడం లేదు. ఎంతసేపయిందో.

“ఉన్నాంలే, అరవకు,” అంది మా అమ్మాయి.